ఎరుపు మంచి రక్తమా, నీలం చెడు రక్తమా?

రాజమండ్రిలో 22 ఏళ్ళుగా స్కానింగ్ గదిలోనే నా పగలంతా గడిచిపోతోంది. లైట్లు ఆర్పేసిన గది, చల్లటి జెల్, తెర మీద రంగులు, పక్కన ఊపిరి బిగబట్టుకుని చూసే ఇంటివాళ్ళు. డాప్లర్ స్కాన్ మీద సందేహాలుంటే రాయమని కిందటి నెల అడిగాం. చాలా ఉత్తరాలొచ్చాయి. అందరికీ పనికొచ్చేవి కొన్ని ఏరి జవాబు రాస్తున్నాను. పేర్లు కావాలనే వేయలేదు.

డాక్టరు గారూ, నాకు ఐదో నెల. టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) చేస్తున్నప్పుడు బిడ్డ చుట్టూ నీలం రంగు ఎక్కువగా కనబడింది. నీలం అంటే చెడు రక్తం అని మా ఆడపడుచు అంది. రెండు వారాలుగా నిద్ర లేదు. — తణుకు నుంచి ఒక పాఠకురాలు

ఈ రాత్రికి హాయిగా పడుకోండమ్మా. మీ ఆడపడుచు గారి తప్పేమీ లేదు. స్కూలు పుస్తకాల్లో మంచి రక్తానికి ఎరుపు, చెడు రక్తానికి నీలం వేస్తారు, మనందరికీ అదే గుర్తుండిపోతుంది. స్కాన్ మెషీన్‌కి ఆ సంగతి తెలియదు. నా చేతిలోని ప్రోబ్ వైపు వచ్చే రక్తాన్ని ఎరుపుగా, దూరంగా వెళ్ళే రక్తాన్ని నీలంగా చూపిస్తుంది, అంతే. మెలికలు తిరిగిన బొడ్డుతాడులో ఒకే రక్తనాళం ఈ మలుపులో ఎర్రగా, పై మలుపులో నీలంగా కనబడుతుంది. టెన్షన్ పడేవాళ్ళకి నేనొక చిన్న గారడీ చేసి చూపిస్తాను. మెషీన్ మీద ఒక బటన్ నొక్కితే ఎరుపంతా నీలం, నీలమంతా ఎరుపు అయిపోతుంది. అది చూసి నవ్వనివాళ్ళు తక్కువ.

గోదావరి బ్రిడ్జి దిగి రైలు స్టేషన్‌కి వస్తుంటే దాని కూత సన్నగా, కీచుగా వినిపిస్తుంది. మనల్ని దాటి వెళ్ళగానే అదే కూత బొంగురుగా మారుతుంది. ఆ తేడాని పట్టుకుని రక్తం ఎటు పోతోంది, ఎంత వేగంగా పోతోంది అని లెక్కగట్టడమే డాప్లర్. ఆ పేరు గల ఆస్ట్రియా శాస్త్రవేత్త 1842లో ప్రాగ్ నగరంలో ఈ సూత్రం చెప్పింది నక్షత్రాల రంగుల గురించి. అది మన గర్భసంచి దాకా వస్తుందని ఆయన అనుకుని ఉండడు.

ఇంకో మాట. రక్తం పారే దిక్కుకి ప్రోబ్ సరిగ్గా అడ్డంగా పడితే, లోపల రక్తం బ్రహ్మాండంగా పారుతున్నా రంగు కనబడదు. చేయి కాస్త వంచితే వస్తుంది. కాబట్టి తెర మీద రంగు లేదని మీరు కంగారు పడొద్దు. ఆ కంగారు పడాల్సింది మేము.

నమస్కారమండీ. ఇది నాకు తొలిచూలు. 12వ వారం ఎన్‌టీ స్కాన్‌లో (బిడ్డ మెడ వెనక నీటిని కొలిచే స్కాన్) గర్భసంచి రక్తనాళాల పీఐ ఎక్కువ ఉందని, రెండు వైపులా నాచ్ ఉందని రాశారు. బీపీ 130/84. మా అమ్మకి నేను కడుపులో ఉన్నప్పుడు బీపీ వచ్చిందట. డాక్టరు గారు రోజూ రాత్రి ఎకోస్ప్రిన్ 150 వేసుకోమన్నారు. అది రక్తం పల్చబరిచే మాత్ర, గర్భం పోతుంది, వేసుకోవద్దు అని మా అత్తగారు గట్టిగా చెబుతున్నారు. — భీమవరం

ముందు మీ అత్తగారి సంగతి. ఇంట్లో ఎవరికో గుండెకి స్టెంట్ వేశాక ఇదే మాత్ర ఇచ్చి ఉంటారు, ఆవిడ అది చూసి ఉంటారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఈ జవాబు ఆవిడకి కూడా చదివి వినిపించండి.

గర్భసంచికి అటొకటి ఇటొకటి పెద్ద రక్తనాళాలు ఉంటాయి. కడుపుతో లేనప్పుడు వాటిలో నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. సగం టీ గ్లాసు అనుకోండి. నెలలు నిండేసరికి అది నిమిషానికి అర లీటరు దాటుతుంది. అంటే నిమిషానికో పాల ప్యాకెట్. ఇది ఊరికే జరగదు. మాయ నుంచి బయల్దేరిన కణాలు గర్భసంచి గోడలోని సన్నటి నాళాల చివర్లలోకి చొరబడి, వాటి చుట్టూ ఉన్న కండ పొరని తీసేస్తాయి. బిగుతుగా ఉన్న గొట్టం వదులై వెడల్పు అవుతుంది. ఈ పని మొదటి నెలల్లో మొదలై దాదాపు ఐదో నెలకి పూర్తవుతుంది. కొందరిలో సగంలో ఆగిపోతుంది. అప్పుడు గొట్టం బిగుతుగానే ఉండి రక్తానికి ఎదురు తోస్తుంది. ఆ ఎదురుతోపుని కొలిచే అంకె పీఐ. ఎదురు ఎక్కువైతే అంకె పెరుగుతుంది. అలాంటివాళ్ళలో తర్వాత బీపీ పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం, బిడ్డ ఎదగకపోవడం లాంటివి రావచ్చు. బీపీ ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేవారు.

ఇక నాచ్. గ్రాఫ్ మీద చిన్న నొక్కులా కనబడుతుంది. 12వ వారంలో అది చాలామంది మామూలు గర్భిణుల్లో కూడా ఉంటుంది, దాన్ని పట్టుకుని కూర్చోవద్దు. 22, 24 వారాల దాకా అలాగే ఉండిపోతే అప్పుడు పట్టించుకుంటాం. పీఐ అంకె కూడా ఒంటరిగా తీర్పు చెప్పదు. మీ బీపీ, ఇది తొలిచూలు కావడం, మీ అమ్మగారికి బీపీ వచ్చి ఉండటం, కొన్ని చోట్ల ఒక రక్తపరీక్ష, ఇవన్నీ కలిపి చూస్తారు. మీ డాక్టరు గారు చేసింది అదే.

ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరినే. ఆ మాత్ర గురించి గట్టి ఆధారమే ఉంది. ముప్పు ఎక్కువ ఉన్నవాళ్ళని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, ఇంకో జట్టుకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2017లో వచ్చాయి. నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వచ్చేంత బీపీ జబ్బు ఉత్తుత్తి మాత్ర జట్టులో 4.3 శాతం మందికి వచ్చింది, ఆస్పిరిన్ జట్టులో 1.6 శాతానికి తగ్గింది. కాకపోతే 16 వారాల లోపే మొదలుపెట్టాలి, రోజూ వేసుకోవాలి. మామూలుగా 36 వారాలకి ఆపేస్తారు. ఇంత చిన్న డోసుతో గర్భం పోదు. మీకు అల్సర్, ఆస్తమా ఉన్నా, ఇదివరకు ఆస్పిరిన్ పడకపోయినా మాత్రం డాక్టరుకి ముందే చెప్పండి.

మాత్ర వేసుకుంటున్నాం కదా అని బీపీ చూపించుకోవడం మానొద్దు. తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళు మసకబారినా, డొక్కల కింద పై పొట్టలో నొప్పి వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

మేడమ్, నా భార్యకు 33వ వారం. బిడ్డ బరువు కిలోన్నరే ఉందట. బొడ్డుతాడులో ఫ్లో తగ్గింది, వారానికి రెండుసార్లు డాప్లర్ చేయాలి అంటున్నారు. ప్రతిసారీ పైసలు. అన్ని స్కాన్లు బిడ్డకు మంచివి కావని మావాళ్ళు అంటున్నారు. నిజంగా అవసరమేనా? — కరీంనగర్

అవసరమే బాబూ. ఎందుకో చెబుతాను.

మాది కోనసీమలో కాలవ చివరి ఊరు. మా నాన్నది శివారు పొలం. పైన లాకుల దగ్గర నీళ్ళు వదిలితే వదిలినంతసేపూ అందరి బోదెల్లోనూ పారేవి. మా నాన్న చూసేది ఆ వేళ కాదు. వదలడం ఆపాక కూడా మా బోదెలో నీళ్ళు కదులుతున్నాయా లేదా అని గడ్డిపరక వేసి చూసేవాడు. పరక మెల్లగానైనా సాగితే ఆ ఏడు చేను బతికినట్టే. ఆగిపోతే దిగులు. వెనక్కి వస్తే ఆ రాత్రి ఇంట్లో ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు. కాకతీయ కాలువ చూసిన కరీంనగర్ వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

బొడ్డుతాడులో మేం చూసేది కూడా ఆ గడ్డిపరకనే. బిడ్డ గుండె కొట్టుకున్నప్పుడు రక్తం మాయ వైపు ఉరుకుతుంది, అది అందరిలోనూ ఉంటుంది. రెండు దెబ్బల మధ్య ఖాళీలో కూడా పారుతోందా? మాయ ఆరోగ్యంగా ఉంటే పారుతుంది. మాయలో నాళాలు మూసుకుపోతున్న కొద్దీ ఆ మధ్య ప్రవాహం మొదట తగ్గుతుంది, తర్వాత ఆగుతుంది, చివరికి వెనక్కి తిరుగుతుంది. మీరు పంపిన రిపోర్టు ఫొటో చూశాను. మీ బిడ్డకి తగ్గింది, ఆగలేదు. తగ్గిన దశకీ ఆగిన దశకీ చాలా తేడా ఉంది. కానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి కొన్ని రోజుల్లోనే మారవచ్చు. అందుకే వారానికి రెండుసార్లు.

బొడ్డుతాడుతో పాటు బిడ్డ తలలోని రక్తనాళం కూడా చూస్తారు. తిండి తక్కువైన ఇంట్లో తల్లి ముందు పిల్లలకి పెట్టినట్టు, కడుపులో బిడ్డ ఉన్న రక్తాన్ని ముందు మెదడుకి, గుండెకి మళ్ళిస్తుంది. చేతులు, కాళ్ళు, పేగులు తర్వాత. మెదడు నాళంలో ప్రవాహం పెరిగిందంటే బిడ్డ సర్దుకుంటోందని అర్థం. సర్దుకోవాల్సిన అవసరం వచ్చిందని కూడా అర్థం. ఈ వారంలో బయటికి తీస్తే ఊపిరితిత్తులు ఎలా ఉంటాయి, లోపల ఉంచితే మాయ ఎన్నాళ్ళు పోషిస్తుంది అనే తూకం ఇప్పుడు మీ డాక్టరు గారి చేతుల్లో ఉంది. మధ్య ప్రవాహం ఆగిపోతే 34 వారాలు దాటనివ్వరు. వెనక్కి తిరిగితే ఇంకా ముందే తీస్తారు. అలాంటప్పుడు ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు, వాటికి భయపడవద్దు.

స్కాన్‌తో బిడ్డకి హాని అంటారా? ఇది ఎక్స్‌రే కాదు, శబ్ద తరంగం. మామూలు స్కాన్ కంటే డాప్లర్‌కి శక్తి ఎక్కువ వాడతాం. అందుకే మొదటి పది వారాల్లో అవసరం లేకుండా డాప్లర్ పెట్టం, తర్వాత కూడా పని అవగానే ఆపేస్తాం. మీ కేసులో ఆ కొద్ది నిమిషాల స్కాన్ మానేయడమే ప్రమాదం. డబ్బు ఇబ్బందైతే దగ్గర్లోని ప్రభుత్వ పెద్దాసుపత్రిలో హైరిస్క్ గర్భిణుల ఓపీకి పాత రిపోర్టులన్నీ పట్టుకుని వెళ్ళండి. ఒక విషయం మీ భార్యకి చెప్పండి: కదలికలు తగ్గాయనిపిస్తే తర్వాతి స్కాన్ తేదీ కోసం ఆగకూడదు. అర్ధరాత్రైనా సరే.

మా పాపకి 17 ఏళ్ళు. కుడి పక్క ఉన్నట్టుండి మెలితిప్పే నొప్పి, వాంతులు. ఒక సెంటర్‌లో స్కాన్ చేసి అండాశయంలో చిన్న గడ్డ ఉంది, రక్తప్రసరణ బాగానే ఉంది అన్నారు. ఇంటికొచ్చేశాం. రాత్రి మళ్ళీ నొప్పి. వేరే చోట ఆపరేషన్ చేసి అండాశయం మెలిపడిందని చెప్పారు. దేవుడి దయవల్ల తీసేయలేదు. మొదట చూసినవాళ్ళది నిర్లక్ష్యమేనా? — విజయనగరం

మీ ఉత్తరం చదివాక కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను తల్లీ. ఎందుకంటే ఇదే తప్పు నేనూ చేశాను. సెంటర్ పెట్టిన మూడో ఏడు. కాలేజీ పిల్ల, పెద్దదైన అండాశయం, లోపల రంగు చక్కగా కనబడింది. రిపోర్టులో ‘ఫ్లో ఉంది’ అని రాసేశాను. ఆ సాయంత్రం సర్జన్ ఫోన్ చేశారు. "డాక్టరమ్మా, మీ ఫ్లో బాగానే ఉంది గానీ అండాశయం రెండు చుట్లు తిరిగి ఉంది" అన్నారు. ఆయన కోపంగా అని ఉంటే బాగుండేది.

అండాశయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి పైన పెద్ద ధమని నుంచి నేరుగా, రెండోది గర్భసంచి వైపు నుంచి. మెలిపడినప్పుడు ముందు నలిగేది పల్చటి గోడ ఉన్న సిర. ధమని గట్టిది, ఇంకా కొంతసేపు లోపలికి రక్తం తోస్తూనే ఉంటుంది. లోపలికి పోతుంది, బయటికి రాలేదు. అండాశయం ఉబ్బిపోతుంది, తెర మీద మాత్రం రంగు కనబడుతుంది. అందుకే డాప్లర్‌లో ప్రవాహం లేకపోతే మెలిపడిందని గట్టిగా అనుమానించవచ్చు గానీ, ఉంటే మెలిపడలేదని చెప్పడానికి లేదు. ఆ తర్వాత నేను అండాశయంతో ఆగను. దాని కాడని వెతుకుతాను. మెలిపడిన కాడ తెర మీద సుడిగుండంలా కనబడుతుంది. కనబడకపోయినా నొప్పి, వాంతులు ఆ తీరులో ఉంటే సర్జన్‌కి నేనే ఫోన్ చేస్తాను.

నిర్లక్ష్యమా కాదా అని మీ రిపోర్టు చూడకుండా తీర్పు చెప్పను. పాప విషయంలో మాత్రం నిబ్బరంగా ఉండండి. ఆపరేషన్‌లో నల్లగా కమిలినట్టు కనబడిన అండాశయాలు కూడా మెలిక విప్పాక చాలాసార్లు కోలుకుంటాయి. ఇలాంటి నొప్పి మళ్ళీ వస్తే రెండో ఆలోచన లేకుండా పరుగెత్తండి.

పీసీఓడీకి (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) కలర్ డాప్లర్ చేయించాలా? — హైదరాబాద్

అక్కర్లేదు. నెలసరి తేదీలు, అవాంఛిత రోమాలు, హార్మోన్ పరీక్షలు, మామూలు స్కాన్‌లో అండాశయం సైజు, నీటిబుడగల లెక్క, వీటితో తేలిపోతుంది. అక్కడ రక్తప్రసరణ ఎక్కువ ఉందని రాసినా వైద్యం మారదు.

రెండుసార్లు ఐవీఎఫ్ ఫెయిలైంది. ఈసారి గర్భసంచి లోపలి పొరకి రక్తప్రసరణ సరిగా లేదని రోజు విడిచి రోజు డాప్లర్ చేస్తున్నారు. బీట్‌రూట్, దానిమ్మ రసం తాగమన్నారు, ఇంకా ఒక మాత్ర పెట్టుకోమన్నారు. — బెంగళూరులో ఉంటున్న పాఠకురాలు

దానిమ్మ తినండి, రుచిగా ఉంటుంది. దానికీ పిండం అతుక్కోవడానికీ ముడిపెట్టకండి. లోపలి పొరలోకి రక్తనాళాలు ఎంత లోతుగా వచ్చాయో మేం చూసి రాయగలం, అది నిజమే. కానీ ఆ అంకెని చూసి గర్భం నిలుస్తుంది, నిలవదు అని నమ్మకంగా చెప్పలేం. నిన్న ఒకలా, రేపు ఇంకోలా ఉంటుంది. పొర మందం, రూపం, పిండం నాణ్యత ఇంతకంటే పెద్ద సంగతులు. రోజు విడిచి రోజు స్కాన్ ఎందుకని మీ డాక్టరుని అడగండి. "ఫలితాన్ని బట్టి మీరు ఏం మారుస్తారు?" అనే ఒక్క ప్రశ్న చాలు. మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

నాకు రెండు సిజేరియన్లు. ఇప్పుడు ఏడో నెల. మాయ కిందికి ఉంది, పాత కుట్టు మీద ఉంది అన్నారు. డాప్లర్ కోసం పెద్ద సెంటర్‌కి పంపారు. ఎందుకో చెప్పలేదు. — నల్గొండ

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. కాబట్టి ఇది మీ ఒక్కరి ప్రశ్న కాదు. మాయ మామూలుగా కాన్పు కాగానే దానంతటది ఊడి వస్తుంది. పాత కుట్టు ఉన్న పల్చటి చోట కూర్చుంటే కొందరిలో గోడలోకి వేళ్ళు దిగినట్టు దిగిపోతుంది. లాగితే రక్తం ఆగదు. మాయకీ మూత్రాశయానికీ మధ్య రక్తనాళాలు అల్లుకున్నాయా, మాయలో గుంటలు పడి రక్తం సుడులు తిరుగుతోందా అన్నది డాప్లర్‌లో చూస్తారు. ఆ అనుమానం తేలితే రక్తం సిద్ధంగా ఉండే, అనుభవమున్న సర్జన్లుండే పెద్దాసుపత్రిలో ముందే తేదీ పెట్టుకుని కాన్పు చేస్తారు. దయచేసి ఆ స్కాన్ వాయిదా వేయకండి. కొంచెం రక్తం కనబడినా ఇంట్లో ఉండొద్దు.

నాకు 56. ముట్లు ఆగి ఆరేళ్ళయింది. ఒకసారి కొద్దిగా రక్తం కనబడింది. స్కాన్‌లో లోపలి పొర 9 మి.మీ., ఒక రక్తనాళం మాత్రమే కనబడుతోంది, పాలిప్ (లోపలి పొర మీద పెరిగే చిన్న కండ) కావచ్చు అన్నారు. ఒక్క నాళమే కాబట్టి క్యాన్సర్ కాదని ధైర్యంగా ఉండొచ్చా? — ఒంగోలు

సగం ధైర్యం. ఒకే నాళం కాడలోంచి లోపలికి వెళ్తున్నట్టుంటే అది పాలిప్ తీరే, ఎక్కువసార్లు మంచిదే. కానీ ముట్లు ఆగిపోయాక రక్తం కనబడి, పొర 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి పరీక్షకి పంపాల్సిందే. రంగు చూసి క్యాన్సర్ లేదని నేను రాయను, ఎవరైనా రాసినా నమ్మకండి. ఈ వారంలోనే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి.

డాలస్‌లో ఉన్న మా అమ్మాయి కడుపుతో ఉంది. బిడ్డ గుండె చప్పుడు ఇంట్లోనే వినే చిన్న డాప్లర్ ఆన్‌లైన్‌లో కొనుక్కుంది. రోజూ వీడియో కాల్‌లో వినిపిస్తోంది. మంచిదేనా? — కాకినాడ

మీ ముచ్చట అర్థమైంది. ఆపేయమనండి. అమెరికాలోనే మందులు, వైద్య పరికరాల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 2014లో ఇలాంటి వాటిని ఇంట్లో వాడొద్దని చెప్పింది. నాకు అసలు భయం వేరే. అలవాటు లేనివాళ్ళు తల్లి నాడినో, మాయలో రక్తం హోరునో విని బిడ్డ బాగుందనుకుంటారు. కదలిక తగ్గినా "వినబడుతోంది కదా" అని ఊరుకుంటారు. నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకునేది బిడ్డ గుండె, 80 దగ్గర వినబడితే అది మీ అమ్మాయిదే కావచ్చు.

కలర్ డాప్లర్‌లో ఆడో మగో ఇంకా స్పష్టంగా తెలుస్తుందట కదా? కొంచెం చెప్పగలరా?

ఊరు పేరు రాయలేదు, అందుకు సంతోషం. డాప్లర్‌లో తెలిసేది రక్తప్రవాహం. నా గది బయట తెలుగులోనూ ఇంగ్లిషులోనూ బోర్డు ఉంది, చదువుకోండి. కడుపులో బిడ్డ ఆడో మగో తేల్చడాన్ని నిషేధించిన 1994 చట్టం ప్రకారం అడగడమూ నేరమే, చెప్పడమూ నేరమే.

స్కాన్‌కి ముందు నీళ్ళు తాగి మూత్రం ఆపుకోవాలా, వద్దా? ఒకరు అలా అంటారు, ఒకరు ఇలా అంటారు. — ఏలూరు

పొట్ట మీద నుంచి గర్భసంచి, అండాశయాలు చూడాలంటే మూత్రాశయం నిండి ఉండాలి. ఒక లీటరు నీళ్ళు తాగి గంట ఆగండి. లోపలి నుంచి చేసే స్కాన్‌కైతే ఖాళీ చేసి రావాలి. కడుపుతో ఉండి నెలలు పైబడినవాళ్ళు ఆపుకోనక్కర్లేదు. మా దగ్గర గత వారం తొమ్మిదో నెల అమ్మాయి రెండు సీసాలు తాగి గంటన్నర బిగబట్టుకుని కూర్చుంది, పాపం. కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఏ స్కానో అడిగి రాసుకోండి. అడిగితే విసుక్కునే రిసెప్షనిస్టు ఉంటే, రెండోసారి కూడా అడగండి.